మల్లన్న మోసిన కాళ్ళు

వారం రోజులుగా ఫోన్లో మా బంధువుల గ్రూపు తెరిస్తే కాళ్ళే కనిపిస్తున్నాయి. బొబ్బలెక్కిన కాళ్ళు, పగిలిన మడమలు, పసుపు రాసిన అరికాళ్ళు, గుడ్డ చుట్టిన బొటనవేళ్ళు. ఉగాదికి శ్రీశైలం నడిచిపోతున్న మావాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు దారిలో తీసి పెడుతున్న ఫోటోలవి. ఒక్కో ఫోటో కింద ఈరోజు ఎన్ని కిలోమీటర్లు నడిచారో, ఇది ఎన్నో ఏడో రాసి, చివర 'అంతా ఆయన దయ, మనదేముంది' అని ఒక దండం పెడతారు. ఒకడు ముప్ఫై అని పెడితే గంట తిరక్కముందే ఇంకొకడు ముప్ఫై నాలుగు అని పెడతాడు. ఇద్దరూ 'మనదేముంది' అనే అంటారు. ఏమీ లేనప్పుడు ఈ లెక్కలెందుకో వాళ్ళనే అడగాలి.

నిన్న మా చెల్లెలి మనవడు నన్ను కూడా ఇందులోకి లాగాడు. "అవ్వా, నువ్వు చిన్నప్పుడు నడిచినావంట కదా, నీకెన్ని బొబ్బలొచ్చినాయి?" అని రాశాడు. ఒక్కటీ రాలేదని జవాబిచ్చి ఫోన్ పక్కన పెట్టాను. నిజమే చెప్పాను. నాకు పదేళ్ళప్పుడు, కాన్వాసు బూట్లు వేసుకుని నడిచాను. ఆ దారిలో నేను చూసింది వేరేవాళ్ళ కాళ్ళు. వాటి సంగతి గ్రూపులో రాసేది కాదు.

మాది డోన్. రైల్వే స్టేషన్‌కు ఇవతల అంగళ్ళ వీధి. మా తాతది పప్పుల, బెల్లం వ్యాపారం. ముందు అంగడి, వెనక ఇల్లు. ఆ ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది. అవ్వ అంటే మా నాయనకు తల్లి. మనిషి సన్నగా, తెల్లగా ఉండేది. గొంతు ఎప్పుడూ పెంచేది కాదు. అందరూ తిన్నాకే తినేది, ఎవరైనా పొగిడితే 'నేనెంతదాన్ని' అనేది. ఆ మాట అనడానికి వీలుగా పొగిడించుకోవడం కూడా ఆమెకు బాగా తెలుసునని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఇంట్లో ఇంకో అవ్వ ఉండేది. మా తాత తమ్ముడి భార్య. మేం చిన్నవ్వ అనేవాళ్ళం. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఆనాటి నుంచి వంటింట్లోనే ఉండిపోయింది. శుభకార్యమైతే ముందుగదిలోకి వచ్చేది కాదు, తలుపు చాటు నుంచి వడ్డనకు గిన్నెలు అందించేది. తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంటికి వచ్చినా ఒకరికి తాళాలగుత్తి, ఒకరికి పొయ్యి దక్కాయి. చిన్నవ్వ ఏం చేసినా పోలిక అవ్వతోనే. "మీ అక్క చేతి పులుసన్నమైతే ఇట్లుండదు" అని మా తాత అంటే, చిన్నవ్వ నవ్వి "నాకాడ ఆ చెయ్యి యాడిది బావా" అనేది. ఆ పులుసన్నం వండేది ఎప్పుడూ చిన్నవ్వే, అక్క వండినట్టు వడ్డించేవాళ్ళు. నాకు మాత్రం ఆమె అంటే ప్రాణం. పొద్దున పాలకుండ దించగానే మీగడ గీరి బెల్లంపొడి కలిపి నా నోట్లో పెట్టేది, మూతి తుడిచి పంపేది.

మా వీధి నుంచి ఏటా ఉగాదికి పది రోజుల ముందు ఒక గుంపు శ్రీశైలానికి బయలుదేరేది. పదిహేనిరవై మంది ఉండేవాళ్ళు, అందరూ అంగళ్ళవాళ్ళే. బట్టలంగడి తాత అని ఒక ముసలాయన గుంపుకు పెద్ద. వెల్దుర్తి మీదుగా, ఓర్వకల్లు రాళ్ళగుట్టల పక్కగా అడ్డం పడి ఆత్మకూరు చేరేవాళ్ళు. ఆత్మకూరు దాటితే ఇక నల్లమల అడవి.

ఈ గుంపులో ఒక ఆచారం ఉండేది. సాయంత్రం మజిలీ చేరగానే చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళు జంపఖానా మీద వరసగా కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. చెప్పులతో నడిచినవాళ్ళు ఎడంగా నేల మీద కూర్చోవాలి. గుంపులో అందరికన్నా చిన్నపిల్ల చెంబుతో నీళ్ళు పోసి జంపఖానా మీది కాళ్ళు కడిగి, ఆముదం రాసి, ఎవరి కాళ్ళలో ఏముందో గట్టిగా చెప్పాలి. ఎవరి గాయాలు వాళ్ళు చెప్పుకుంటే గొప్పలు పోయినట్టవుతుందని, పిల్లలు చెబితే అందులో అబద్ధముండదని వాళ్ళ నమ్మకం. చివరిరోజు కొండెక్కినాక కైలాసద్వారం దగ్గర గుంపు తరఫున టెంకాయ కొట్టే గౌరవం, ఆ కాళ్ళన్నిటిలో ఏవి గొప్పవని తేలితే వాటివాళ్ళకు దక్కేది. మిగిలినవాళ్ళంతా ఆ కాళ్ళకు మొక్కాలి. ఇదంతా అణకువ నేర్చుకోవడానికని బట్టలంగడి తాత చెప్పేవాడు. అప్పటికి వరసగా ఎన్నో ఏళ్ళుగా ఆ టెంకాయ మా అవ్వే కొట్టేది.

ఆ సంవత్సరం గుంపులో అందరికన్నా చిన్నదాన్ని నేను. ఎప్పుడూ వచ్చే వంటామె రాలేనని చెప్పి పంపింది. అవ్వ వంటింటి గడపలో నిలబడి, "నువ్వు రామ్మే. పుణ్యమూ వస్తాది, పనీ జరుగుతాది" అంది చిన్నవ్వతో.

చిన్నవ్వ చేతిలోని గరిటె అలాగే పట్టుకుని, "నేను నడసగల్నా అక్కా? ఈ మధ్య కాళ్ళు దూది మీద పెట్టినట్టుంటాండాయి. నేల తగుల్తాండాదో లేదో తెలీడంలా" అంది.

"ఇంట్లో తిరిగే కాళ్ళకు ఏం రోగం? నడు" అంది అవ్వ.

అంతే, ఆ దూది సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజుల్లో చిన్నవ్వ చెంబులకు చెంబులు నీళ్ళు తాగేది. దాహం తీరేది కాదు. "నీకు నీళ్ళు మోసేదానికే ఇంకో మనిషి కావాల" అని అవ్వ ఎగతాళి చేసేది. చక్కెర జబ్బు అనే మాట మా వీధిలో అప్పటికి నేను వినలేదు.

మొదటి సాయంత్రం వెల్దుర్తి దగ్గర ఒక సత్రం వరండాలో దిగాం. వేయించిన వేరుశనగ బుడ్డల వాసన, పక్కన ఆముదం గిన్నె వాసన, చెమట వాసన కలిసి వస్తుంటే నేను చెంబు పట్టుకుని వరస మొదలుపెట్టాను. ఆ పని నాకు భలే నచ్చింది. పెద్దవాళ్ళంతా నా నోటి వంక చూస్తుంటే ఏ పిల్లకు నచ్చదు? "ఈయమ్మకు రెండు బొబ్బలు! ఈ తాతకు మడమ పగిలింది!" అని అరిచాను. మా అవ్వ దగ్గరికి వచ్చాను. ఆమెకు రెండు పాదాలకూ కలిపి ఐదు బొబ్బలు. ఐదని చెప్పగానే అందరూ 'శివశివా' అన్నారు. అవ్వ కళ్ళు మూసుకుని, "ఏముందిలే, ఆయన పెట్టిన పరీక్ష. నేనెంతదాన్ని" అంది. తర్వాత ఒక కన్ను తెరిచి, "ఎడమకాలి చిటికెనవేలు కింద సూసినావా పాపా?" అని మెల్లగా అడిగింది. చూశాను. అక్కడ ఆరోది ఉంది.

చిన్నవ్వ పొయ్యి దగ్గర నేల మీద కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది. ఆమె పాత రబ్బరు చెప్పులు పక్కనే ఉన్నాయి. ఒకదాని వారు తెగితే పిన్నీసు గుచ్చింది. అవ్వ అటు చూసి, "వంటచేసే మనిషికి చెప్పులుంటే తప్పేం లేదులే. ఎవరి శక్తి వాళ్ళది" అంది. ఎంత మెత్తగా అందో! చిన్నవ్వ ఇంకో రొట్టె తట్టింది.

మూడోనాడు ఓర్వకల్లు గుట్టల దగ్గర ఆ పిన్నీసు కూడా ఊడిపోయింది. అక్కడ దారి కొంతదూరం పరుపుబండ మీదుగా పోతుంది. మిట్టమధ్యాహ్నం. ఆ బండ మీద కాలు పెట్టలేక మావాళ్ళంతా ఎగిరెగిరి గంతులేస్తున్నారు. 'ఓం నమశ్శివాయ' సగంలో ఆగిపోయి 'అబ్బా, అమ్మా' అంటున్నారు. మా అవ్వ అయితే కొంగు చివర కాళ్ళ కింద వేసుకుని ఒక్కో అడుగు వేస్తోంది. చిన్నవ్వ తెగిన చెప్పులు తీసి సంచిలో వేసుకుంది. నెత్తిన బియ్యం మూట, చంకలో ఇత్తడి బిందె పెట్టుకుని, ఇంట్లో వంటగది నుంచి పెరట్లోకి పోయినంత నింపాదిగా ఆ బండ దాటి పోయింది. అవతల చెట్టు కింద బిందె దించి, "ఏం, ఇంగా రారేంది?" అని వెనక్కి తిరిగి అడిగింది.

బట్టలంగడి తాత గంతులు ఆపి నోరు తెరిచాడు. "కాల్లేదామ్మా నీకు?"

"లేదే. చల్లగానే ఉండాది" అంది చిన్నవ్వ. ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆమెకు ఏమీ తెలియలేదు.

ఆ సాయంత్రం తాత ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి జంపఖానా మీద కూర్చోబెట్టాడు. ఆమె వద్దు వద్దంటూనే కూర్చుంది. కాళ్ళు చాపడానికి సిగ్గుపడి మోకాళ్ళ దగ్గర చీర లాక్కుంది. నేను నీళ్ళు పోసి చూశాను. ఏళ్ళ తరబడి వంటింటి బండల మీద తిరిగి తిరిగి ఆ అరికాళ్ళు తోలులా మొద్దుబారిపోయాయి. పగుళ్ళు ఉన్నాయి గానీ బొబ్బ లేదు. "ఒక్క బొబ్బ కూడా లేదు!" అని అరిచాను.

అప్పటిదాకా ఎక్కువ బొబ్బలున్నవాళ్ళదే ఎక్కువ భక్తి. ఇప్పుడేమనాలో ఎవరికీ తెలియలేదు. తాతే తేల్చాడు. "మనం నడుస్తాండాం. ఈయమ్మను మల్లన్న మోస్తాండాడు. మోసేవాడుంటే బొబ్బలెందుకొస్తాయి?" అని, వంగి చిన్నవ్వ పాదాలు కళ్ళకద్దుకున్నాడు. ఆయన వంగాక మిగిలినవాళ్ళు వంగక తప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. చిన్నవ్వ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. అవ్వ తన బొబ్బలకు తానే ఆముదం రాసుకుంటూ కూర్చుంది. ఆ రోజు ఆమె బొబ్బలు ఎన్నని ఎవరూ అడగలేదు.

మరుసటి పొద్దున ఇంకో సమస్య వచ్చింది. మల్లన్న మోస్తున్న మనిషి చేత పొయ్యి ఎలా ఊదిస్తారు? తాత అవ్వ వైపు చూశాడు. అవ్వ కొంగు దోపుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమె ఉగ్గాని చేసింది. బొరుగులు నీళ్ళలో ఎక్కువసేపు నానబెట్టేసింది, అడుగంతా మాడింది. మొదటి విస్తరి చిన్నవ్వకు పెట్టారు. తాను వండకుండా, వేడివేడిగా, అందరికన్నా ముందు చిన్నవ్వ తినడం నేను చూడటం అదే మొదలు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, "రోంత ఉప్పు తక్కువైంది అక్కా" అంది. అందరూ వినేలా అంది. నాకు సంబరంతో నవ్వు ఆగలేదు. అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

తర్వాత నాలుగు రోజులు మా ఇద్దరి రాజ్యమే. నేను చిన్నవ్వ పక్కనే నడిచేదాన్ని. ఆమె కాళ్ళు కడిగిన నీళ్ళు చెంబులో పట్టి ఇస్తానని ఒకామెకు చెప్పి అరచేతిలో పట్టేంత బెల్లం గడ్డ సంపాదించాను. చెంబులో పోసింది బోరింగు నీళ్ళే. ఆమె తలమీద చల్లుకుని కళ్ళు మూసుకుంటే నేను చెట్టు చాటున బెల్లం చప్పరించాను.

చిన్నవ్వ మారిపోయింది. నడుము నిటారుగా పెట్టి నడిచేది. మొక్కడానికి వస్తే మొదట్లో కాళ్ళు లాక్కునే మనిషి ఇప్పుడు ముందే చాపి కూర్చునేది. బొబ్బలొచ్చి కుంటుతున్న ఒకామెను చూసి, "పాపం, ఆయన ఇంగా చెయ్యి పెట్టలేదు ఆయమ్మకు" అంది. అచ్చం అవ్వ గొంతే. ఎవరైనా పొగిడితే, "నేనెంతదాన్ని" అనడం కూడా వచ్చేసింది. అది విని నాకు ముచ్చటేసింది. ఇప్పుడు తలుచుకుంటే ముచ్చట వేయదు. ఆ ఇంట్లో అణకువంటే ఆమె చూసింది అదొక్కటే. అవకాశం దొరకగానే అదే చేసింది.

ఆత్మకూరు దాటి అడవిలో పడ్డాక ఎండ తగ్గింది గానీ దారంతా ముళ్ళు, మొనదేలిన రాళ్ళు. ఇప్పపూలు రాలి పులిసిన తియ్యటి వాసన వచ్చేది. కర్ణాటక నుంచి వచ్చే జనం వేలకు వేలు మాతో కలిసి నడుస్తున్నారు. నాగలూటి దగ్గర ఆగినరోజు ఇంకా పొద్దు ఉండగానే వరస పెట్టారు. చిన్నవ్వ కాలు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తుంటే నా వేలికి ఏదో గట్టిగా తగిలింది. ఎడమ మడమ కింద తుమ్మముల్లు. సూదిలాంటిది కాదు, నా చిటికెనవేలంత. లోపలికి దిగి విరిగిపోయింది, మొదలు మాత్రం పైకి కనిపిస్తోంది. చుట్టూ నల్లగా కమిలి, నొక్కితే పలచగా నీరు, నెత్తురు వచ్చాయి. నేను నొక్కాను. చిన్నవ్వ పక్కనామెతో మాట్లాడుతూనే ఉంది. కాలు కదపలేదు.

నాకు భయం వేసింది. తలెత్తితే బట్టలంగడి తాత, అందరూ నా నోటి వంక చూస్తున్నారు. అవ్వ మరీ ఎక్కువగా చూస్తోంది. ఆ క్షణంలో నాకు తోచిందేమిటో ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. ముల్లుందని చెబితే రేపటి నుంచి చిన్నవ్వ మళ్ళీ పొయ్యి దగ్గరికి పోతుంది. జంపఖానా ఉండదు, మొదటి విస్తరి ఉండదు. అవ్వ గెలుస్తుంది. నేను పిడికెడు పసుపు తీసి, ఆముదంలో కలిపి, ఆ కంత మీద మెత్తాను. "ఏమీ లేదు! ఒక్క గీత కూడా లేదు!" అన్నాను. అంత గట్టిగా అంతకుముందు ఎప్పుడూ అరవలేదు.

మరుసటి రోజు పెద్దచెరువు దగ్గర పాదం బాగా వాచి ఉంది. కడుగుతుంటే ఎలుక చచ్చిన వాసన లాంటిది వచ్చింది. ఇంకాస్త పసుపు మెత్తాను. ఇంకోసారి ఏమీ లేదన్నాను. రెండోసారి అబద్ధం ఆడటం మొదటిసారి అంత కష్టం కాలేదు.

ఆఖరి రోజు భీముని కొలను లోయలో దిగి మళ్ళీ ఎక్కాలి. రాతిమెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. మా వెనక కన్నడదేశపు ముసలాయన ఒకడు వస్తున్నాడు. తలకు రుమాలు, కాళ్ళకు మందంగా కుట్టిన తోలు చెప్పులు. మెట్టు మెట్టుకూ అడుగు పడినచోట తడి మరక చూసి చిన్నవ్వను ఆపాడు. "రక్త బర్తైతమ్మా, ఇవు హాకొళ్ళి" అంటూ తన చెప్పులు విడిచి ఆమె ముందు పెట్టాడు. నెత్తురు కారుతోంది, ఇవి వేసుకో అంటున్నాడని నాకు కూడా అర్థమైంది.

ముందు మెట్టు మీద అవ్వ ఆగి తిరిగి చూసింది. "కావాలంటే ఏసుకోనీ. నేనేమన్నా అన్నానా? ఇంత దూరం మోసినాయప్ప ఈడ దించినాడేమో" అంది.

చిన్నవ్వ ఆ చెప్పుల వైపు చూసింది. చాలాసేపు చూసినట్టే నాకు గుర్తు. తర్వాత "వద్దన్నా, నీవి నువ్వే ఏసుకో" అని చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని పైమెట్టు ఎక్కింది.

బట్టలంగడి తాత ఆ ముసలాయన్ని పలకరించాడు. "ఎన్నో ఏడు పెద్దాయనా నడిచేది?" ఆయన చెప్పులు తొడుక్కుంటూ లెక్క పెట్టుకోలేదని చేత్తో సైగ చేశాడు. "చెప్పులేసుకొని నడిచేవానికి లెక్కేముంటాదిలే" అని మావాళ్ళలో ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ దారిలో నేను చూసిన మంచి మనిషి ఆయనొక్కడే, ఆయన్ని చూసి నవ్వాను.

కైలాసద్వారం దగ్గర తాత టెంకాయ తీసి చిన్నవ్వ చేతిలో పెట్టబోయాడు. అప్పుడు అవ్వ నోరు తెరిచింది. "నాకేం లేదు. శాస్త్రం ఒప్పుకుంటాదా అని అడుగుతాండా. పసుపూ కుంకుమ లేనామె గుంపు టెంకాయ కొట్టొచ్చునా?"

చిన్నవ్వ చెయ్యి వెనక్కి పోయింది. తాత కొంచెం తటపటాయించి, "మల్లన్న మోసిన కాళ్ళకు ఏ అంటూ లేదమ్మా" అని టెంకాయ ఆమె చేతిలో పెట్టి గుప్పిలి మూశాడు. ఒక్క దెబ్బకు పగిలింది. ఆ నీళ్ళు నా మొహం మీద కూడా చిందాయి. ఇరవై ఏళ్ళకు పైగా తలుపు చాటున నిలబడిన మనిషి, అందరి ముందు నిలబడి టెంకాయ కొట్టింది. ఆమె మొహం అంత వెలిగిపోవడం మళ్ళీ నేను చూడలేదు. ఒక్కొక్కరూ వంగి మొక్కారు. చివరికి అవ్వ వంతు వచ్చింది. ఆమె నిలబడి చుట్టూ చూసింది. అందరూ చూస్తున్నారు. వంగింది. రెండు చేతులతో తోడికోడలి పాదాలు పట్టుకుని తల ఆనించి మొక్కింది. లేచేటప్పుడు కాస్త ఆగి, కొంగు సర్దుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో చిన్నవ్వకు చలిజ్వరం పట్టుకుంది. ఆమె కాలి వాసనకు ముందు సీటు వాళ్ళు లేచి వెనక్కి పోయారు. కర్నూలులో ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు కాలు చూసి, "ఈమెకు చక్కెర జబ్బు. ఎన్నేళ్ళుగా ఉందో. కాళ్ళలో స్పర్శే లేదు. ముల్లు దిగినా నిప్పు తొక్కినా తెలీదు" అన్నాడు. మోకాలి కింద వరకు తీసేశారు. మల్లన్న మోస్తున్నాడని మేం మొక్కింది ఆ జబ్బుకే. ఆ మాట మా ఇంట్లో అందరికీ అర్థమైంది, ఎవరూ పైకి అనలేదు. అవ్వ మాత్రం పరామర్శకు వచ్చినవాళ్ళతో, "మొక్కించుకునింది కదా. కండ్లు నెత్తికెక్కినాయి. ఆయన ఊరుకుంటాడా? ఇచ్చినట్టే ఇచ్చి తీసుకున్నాడు" అనేది. తర్వాత మళ్ళీ ఏటా నడిచింది, మళ్ళీ టెంకాయ ఆమే కొట్టింది.

ఒంటికాలి మనిషి పొయ్యి ముందు కూర్చుని లేవలేదు. వంట చేయని చిన్నవ్వకు ఆ ఇంట్లో చోటెక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. రెండు నెలలకే బద్వేలులో ఉన్న ఆమె తమ్ముడి ఇంటికి పంపించారు. నేను అంగడి అరుగు మీద నిలబడి చూశాను. జీపు ఎక్కించేటప్పుడు ఆమె నా వైపు చూసి నవ్వింది. నేను తల తిప్పుకున్నాను.

పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం ఒక పెళ్ళికి బద్వేలు పోయాం. అమ్మకు చెప్పకుండా చిన్నవ్వను వెతుక్కుంటూ పోయాను. కిరాణా అంగడి వెనక రేకుల గది. గోనెపట్టా మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మనిషి సగమైపోయింది. నన్ను చూసి, "ఎంత పొడుగైనావే పాపా! రా, ఈడ కూచ్చో" అని పక్కన జరిగింది. వేళ్ళకు చింతపండు అంటుకుని ఉంటే మణికట్టుతో నా చెంప నిమిరింది.

ఐదేళ్ళుగా లోపల దాచుకున్నది ఒక్కసారిగా చెప్పేశాను. "చిన్నవ్వా, నాగలూటిలోనే నేను ముల్లు చూసినా. చూసి లేదని చెప్పినా. మర్సటిరోజు గూడా అట్లనే చెప్పినా. నేను ఆపొద్దే చెప్పింటే నీ కాలు ఉండేది."

ఆమె గింజలు తీయడం ఆపలేదు. "తెలుసులే" అంది.

"ఎట్ల తెలుసు?"

"నీ చెయ్యి ఆడ ఆగె కదా. కాళ్ళకు తెలీకపోతే కండ్లకు కనపడదా? నువ్వు పసుపు పెట్టినాక, ఆ కన్నడ ముసలాయప్ప చెప్పులు పెట్టినాక గూడా తెలీకుండా ఉంటాదా నాకు? నేనే పీకి సూసినా. రాలేదు."

"మరి ఏంటికి చెప్పలేదు?"

"చెప్పింటే టెంకాయ యాడిది?" అంది. ఒక గింజ తీసి డబ్బాలో వేసింది. "మీ అవ్వకూ తెలుసు పాపా. మొక్కేటప్పుడు ఆయమ్మ వేళ్ళకు చీము అంటుకునింది. కొంగుకు తుడుచుకునింది, నేను పైనుంచి సూస్తానే ఉండా. ఆయమ్మా చెప్పలేదు. చెప్పింటే, నన్ను సూసి ఓర్వలేక అంటాండాదనుకుంటారని భయం. అంతమందిలో తక్కువై పోతాది కదా."

నాకు ఏడుపు ఆగలేదు. "నన్ను మన్నించు చిన్నవ్వా" అన్నాను.

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. నా వంక ఆశ్చర్యంగా చూసింది. "దేనికే? పెండ్లయి ఆ ఇంట్లో అడుగు పెట్టిన పొద్దు కాడ్నుంచి ఆయమ్మ కాళ్ళకు నేనే మొక్కినా. ఒక్క పొద్దు ఆయమ్మ నా కాళ్ళకు మొక్కింది. కాలు పోతే పోనీ. ఆపొద్దు నువ్వు నోరు తెరిసి ఉంటే, సచ్చేదాంక నిన్ను మన్నించేదాన్ని కాదు" అంది. అని, డబ్బా పక్కన పెట్టి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద లేవబోయింది. నాకేదైనా తినడానికి పెట్టాలని.

ఆమెను కూర్చోబెట్టి నేనే లేచి వచ్చేశాను. ఆ సంవత్సరమే వానలు పడే ముందు చిన్నవ్వ పోయింది. తిట్టి పంపి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని. మన్నించమని పోయిన నన్ను ఆమె మెచ్చుకుని పంపింది. ఆ మెప్పు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.